కొత్త చెక్క ఫ్లోరింగ్ మూడు నెలలకే ఉబ్బింది: సాండింగ్ చేయించాలా, పీకేయాలా?

లంక_గట్టు

అందరికీ నమస్కారమండి. మాది అమలాపురం పక్క ఊరు. కాలువ గట్టుకి అరవై అడుగుల దూరంలో కొత్తగా కట్టిన ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. బేస్‌మెంట్ రెండున్నర అడుగులు బుసకతో (సన్న ఇసుకతో) నింపి, పైన 4 అంగుళాల పీసీసీ (ఇనుము లేని కాంక్రీటు), దాని మీద మార్చి మొదటి వారంలో 2 అంగుళాల గచ్చు వేశారు. ఏప్రిల్ ఆఖర్లో 12×14 పడకగదికీ, 16×20 హాలుకీ ఇంజినీర్డ్ వుడ్ (పొరలు అతికించి చేసిన చెక్క) వేయించాం. పలక 14 మి.మీ. మందం, 125 మి.మీ. వెడల్పు, పై పొర 3 మి.మీ. టేకు. క్లిక్ జాయింటు. కింద 2 మి.మీ. తెల్ల ఫోమ్ ఒక్కటే పరిచారు. జిగురు లేదు, మేకులు లేవు. పలకలు హాల్లో 20 అడుగుల గోడ వెంబడి పొడవుగా వేసి, అదే వరసని గుమ్మంలోంచి ఆపకుండా పడకగదిలోకి తీసుకెళ్ళారు.

ఇప్పుడు ఆగస్టు రెండో వారం. పడకగదిలో ప్రతి పలకకీ అంచులు లేచి మధ్య పల్లమైంది. అడ్డంగా అరచెయ్యి పెట్టి లాగితే సిమెంటు రేకు మీద లాగినట్టుంది. బయటి గోడ వైపు బాగా ఎక్కువ, లోపలికొచ్చే కొద్దీ తక్కువ. గుమ్మం దగ్గర రెండు పలకలు కలిసే చోట గుడారంలా అర అంగుళం పైన లేచింది. తొక్కితే దిగుతుంది, కాలు తీస్తే మళ్ళీ లేస్తుంది. హాలు నడుమ ఒక చోట కిర్రుమంటోంది. బాత్రూమ్ గోడ పక్క మూడు జాయింట్ల వెంట నల్లటి గీత వచ్చింది.

వేసినాయన వచ్చి చూసి, "వానాకాలంలో చెక్క ఇంతేనండి, సాండింగ్ కొట్టి పాలిష్ వేస్తే సమంగా అయిపోద్ది" అన్నారు. బిల్లులో 30 శాతం ఇంకా ఇవ్వాలి. సాండింగ్‌కి ఒప్పుకోవచ్చా? మొత్తం పీకాల్సిందేనా? తప్పు చెక్కదా, గచ్చుదా, మేం వాడటంలోనా?


రసమట్టం

సాండింగ్ మిషన్ని ఇప్పుడు గుమ్మం దాటనివ్వకండి. మిగతావన్నీ తర్వాత.

అంచులు లేచి మధ్య పల్లమైందంటే పలక కింది ముఖం పై ముఖం కన్నా ఎక్కువ చెమ్మ తాగిందని. కింద ఉబ్బింది, పైన ఉబ్బలేదు, అందుకే పలక దోనెలా వంగింది. ఇప్పుడు సాండింగ్ కొడితే మిషను లేచిన అంచుల్నే తింటుంది. 3 మి.మీ. టేకు పొరలో అంచుల దగ్గర ఒక మిల్లీమీటరు పోతుంది. ఆ రోజుకి నేల అద్దంలా ఉంటుంది. తర్వాత కింది చెమ్మ ఆరితే పలక తిన్నగా అవుతుంది కదా, అప్పుడు కొట్టేసిన అంచులు కిందికి దిగి మధ్య బోర్లించిన పెంకులా లేస్తుంది. దాన్ని సరిచేయాలంటే మధ్యలో ఇంకో మిల్లీమీటరు కొట్టాలి. రెండుసార్లు కొట్టాక ఆ టేకు పొరకి ఇక ఆయుష్షు లేదు.

ఎంత వంగిందో ముందు కొలిచి రాసుకోండి. పలకకి అడ్డంగా ఒక స్టీలు స్కేలు నిలబెట్టి, మధ్య పల్లంలోకి ఏటీఎం కార్డు దూర్చండి. కార్డు మందం 0.76 మి.మీ. కార్డు దూరకపోతే అది వానాకాలపు కదలిక, చలికాలానికి చాలావరకు సర్దుకుంటుంది. ఒక కార్డు వదులుగా దూరినా, రెండు దూరినా కింద నీటి వనరు ఏదో ఉందనే లెక్క. గదిలో పది చోట్ల కొలిచి కాగితం మీద పటం గీసి అంకెలు వేయండి. ఎక్కువ ఎటుందో ఆ పటమే చెప్తుంది. మీరు బయటి గోడ వైపు ఎక్కువ అన్నారు, నాకు అది చాలా ముఖ్యమైన మాటగా కనిపిస్తోంది.

గదిలో గాలి సంగతి కూడా చూడాలి. నాలుగైదు వందలకి డిజిటల్ తేమ మీటరు దొరుకుతుంది, అది కొనండి. 30 డిగ్రీల వేడిలో గాలి తేమ 50 శాతం ఉంటే చెక్కలో తేమ 9 శాతం దగ్గర నిలబడుతుంది. 80 శాతం ఉంటే దాదాపు 16, 90 ఉంటే 20 దాకా పోతుంది. ఫ్యాక్టరీలో 8 శాతానికి ఆరబెట్టి పెట్టెలో పెట్టిన పలక మన డెల్టా జూలైలోకి వచ్చి పడితే ఉబ్బక మానదు. టేకు నిలకడైన చెక్కే. అయినా అడ్డకోత పలక పచ్చిచెక్క నుంచి పూర్తిగా ఆరేసరికి వెడల్పులో 6 శాతం దాకా ముడుచుకుంటుంది. అంటే తేమ ఒక శాతం పెరిగినప్పుడల్లా 125 మి.మీ. పలక దాదాపు పావు మిల్లీమీటరు పెరుగుతుంది. ఇది ఘన టేకు లెక్క. ఇంజినీర్డ్‌లో అడ్డం తిప్పి అతికిన పొరలు ఆ పెరుగుదలని పట్టి ఉంచుతాయి కాబట్టి పెరిగేది తక్కువ. పట్టి ఉంచడం వల్లే కింది పొర ఒక్కటే తడిస్తే మాత్రం వంగుతుంది.

ఒక్క గాలి తేమే కారణమైతే పలక పై ముఖమూ తాగేది, గది అంతా ఒకే తీరుగా ఉండేది. మీ ఇంట్లో అలా లేదు.

నల్ల గీతల విషయం వేరు. ముందు దాన్ని తేల్చండి, ఎందుకంటే పైపు లీకైతే మిగతా పరీక్షలన్నీ తప్పుదారి పట్టిస్తాయి. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారి ఎవరూ వాడకముందు చూడండి. అది సరిగ్గా ఉంటే బాత్రూమ్‌లో నహానీ ట్రాప్‌కి (నేల మీద నీళ్ళు పోయే రంధ్రానికి) గుడ్డ బిగించి రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి 24 గంటలు ఉంచండి. నీళ్ళు తగ్గినా, గోడ అవతల చెమ్మ పెరిగినా వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే.


తణుకు_సివిల్

రసమట్టం గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను గచ్చు కింద సంగతి చెప్తాను. నాకు తోచినంతవరకు అసలు జబ్బు అక్కడుంది.

మీరు గచ్చు వేసింది మార్చి మొదట్లో, చెక్క పరిచింది ఏప్రిల్ ఆఖర్లో. మొత్తం 6 అంగుళాల కాంక్రీటు. కాంక్రీటు ఆరడానికి అంగుళానికి ఒక నెల అని పాత మోటు లెక్క ఒకటుంది. అది కూడా గాలి బాగా ఆడితే. రెండంగుళాల గచ్చుకే రెండు నెలలు కావాలి, మీరు ఏడెనిమిది వారాలకే మూసేశారు.

ఇంతకంటే పెద్దది నేల నుంచి వచ్చే నీరు. ఏప్రిల్ ఆఖరంటే దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయి కాలువలు కట్టేసిన రోజులు. గట్టు పక్క ఇళ్ళలో నూతి నీళ్ళు బాగా దిగిపోతాయి. అప్పుడు గచ్చు మీద చెయ్యి పెట్టి చూస్తే ఎవరికైనా ఎండినట్టే ఉంటుంది. సార్వాకి (ఖరీఫ్ వరికి) బ్యారేజీ నుంచి నీళ్ళు వదిలారంటే కాలువ నిండుతుంది, చేలల్లో నీళ్ళు నిలబడతాయి, అరవై అడుగుల దూరంలో భూమిలో నీరు పైకొస్తుంది. అక్కణ్నించి బుసక పని మొదలవుతుంది. బుసక సన్నటి రేణువు. దీపం వత్తి నూనె లాగినట్టు నీటిని మూడడుగుల దాకా పైకి పీల్చగలదు. ముతక ఇసుక అయితే జానెడు కూడా లాగదు. 40 ఎంఎం కంకర అసలు లాగదు. మీది రెండున్నర అడుగుల బుసక. పీసీసీ కింద పాలిథీన్ పరిచిన మాట మీరు చెప్పలేదు, కాబట్టి లేదనుకుంటున్నాను. పైన పరిచిన తెల్ల ఫోమ్ మెత్తదనానికీ చప్పుడు తగ్గడానికీ తప్ప ఆవిరిని ఆపదు.

పరీక్ష ఇలా చేయండి. పడకగదిలో బయటి గోడ వైపు స్కర్టింగ్ తీసి, ఆఖరి వరస నుంచి రెండు మూడు వరసల పలకలు విప్పండి. క్లిక్ జాయింటు కాబట్టి కొద్దిగా ఎత్తి వంచితే వస్తుంది. హాలు నడుమ కూడా తెలియాలి, కానీ అక్కడ విప్పడం కష్టం. హాల్లో వేరే గోడ పక్కన తీయండి. తీసిన వెంటనే పరీక్ష పెట్టకండి, ఫోమ్ కింద నిలిచిన చెమ్మని ఫ్యాను వేసి ఒక రోజు ఆరనివ్వండి. తర్వాత 18 అంగుళాల చదరపు పాలిథీన్ ముక్క పరిచి నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. కనీసం 16 గంటలు, వీలైతే 24 గంటలు ఉంచండి. పాలిథీన్ కింది వైపు బొట్లు కనబడినా, గచ్చు రంగు మారినా నీరు కింద నుంచి వస్తోందని. పై వైపు తడి ఉంటే గదిలో గాలిది.

పాత గచ్చు తడా, భూమి తడా అని తేల్చడానికి ఇదే పరీక్ష మూడు నాలుగు వారాల తర్వాత అదే చోట మళ్ళీ పెట్టాలి. గచ్చు తడి అయితే నెలనెలా తగ్గుతుంది, గదంతా ఒకే తీరుగా ఉంటుంది. భూమి తడి తగ్గదు. బయటి గోడల వైపు ఎక్కువ ఉంటుంది, కాలువ నిండినప్పుడు పెరుగుతుంది.

బయట ఆ గోడకి ఆనుకుని ఏముందో చూసి చెప్పండి. మట్టి ఎత్తు, పూలమొక్కలు, వాన నీరు పడే గొట్టం, ఏవైనా సరే.


పాలకొల్లు_చెక్కపని

గుమ్మం దగ్గర గుడారం నా చెయ్యి తిరిగిన పని కాబట్టి దాని గురించి రాస్తాను. అది చెమ్మతో మొదలైనా, లేచింది మాత్రం చోటు లేక.

జిగురూ మేకూ లేకుండా పరిచిన ఫ్లోరు మొత్తం ఒకే రేకులా కదలాలి. హాలు 16 అడుగులు, గది 12 అడుగులు, కలిపి 28 అడుగులు, అంటే ఎనిమిదిన్నర మీటర్లు ఒకే రేకు. మీటరుకి ఒకటిన్నర మి.మీ. లెక్కన అటూ ఇటూ గోడల దగ్గర 13 మి.మీ. చొప్పున ఖాళీ వదలాలి. గుమ్మంలో వాసకాళ్ళ దగ్గర కూడా వదలాలి. చాలామంది వాసకాలికి పలకని ముద్దులా అతికి కోస్తారు, చూడ్డానికి నీటుగా ఉంటుందని. అక్కడే బిగుసుకుంటుంది. రెండు గదుల ఉబ్బు మూడడుగుల గుమ్మంలోకి వచ్చి తోసుకుంటే పలక పోవడానికి ఉన్నది ఆకాశం ఒక్కటే.

స్కర్టింగ్ ఎలాగూ తీస్తున్నారు కాబట్టి నాలుగు గోడల వెంటా ఖాళీ కొలవండి. ఫ్లోరుని గచ్చుకి బిగించేసినవి ఉన్నాయేమో వెతకండి. అందరూ మర్చిపోయేది తలుపు వెనక పెట్టే మాగ్నెట్ స్టాపరు. దాని స్క్రూ పలకని దాటి గచ్చులోకి దిగి ఉంటుంది. ఆ ఒక్క స్క్రూ 28 అడుగుల రేకుని మేకు కొట్టి కూర్చోబెడుతుంది. రెండోది కబోర్డు. ఫ్లోరు వేశాక పలకల మీదే కబోర్డు నిలబెట్టి కింద బిగిస్తే ఆ వైపు కదలదు, ఉబ్బంతా ఎదుటి వైపుకే రావాలి. స్కర్టింగ్ మేకులు గోడలోకే దిగాయా, పలకలోకి దిగాయా అన్నదీ చూడండి.

గుడారాన్ని దించడానికి లేచిన పలకని కొయ్యకండి. ముందు స్టాపరు విప్పండి. గోడ దగ్గర బిగుసుకున్న వరసని మల్టీ టూల్‌తో కోసి 10 నుంచి 12 మి.మీ. ఖాళీ చేయండి. చాలాసార్లు కోత సగంలో ఉండగానే టక్కుమని చప్పుడుతో గుడారం కూలిపోతుంది. తర్వాత గుమ్మంలో, తలుపు మూస్తే సరిగ్గా దాని కిందకి వచ్చే చోట, రేకుని అడ్డంగా రెండుగా చీల్చి మధ్య 20 మి.మీ. వదిలి టీ-ప్రొఫైల్ పట్టీ (రెండు అంచుల్నీ కప్పే టీ ఆకారపు పట్టీ) వేయించండి. పట్టీ గచ్చుకి బిగించాలి, పలకకి కాదు. గదిలో ఏసీ ఉండి హాల్లో లేకపోతే ఈ కోత తప్పనిసరి. రెండు వాతావరణాల మధ్య ఒకే రేకు నిలవదు.

కిర్రు శబ్దం గచ్చు ఎత్తుపల్లాలది. 2 మీటర్ల అల్యూమినియం పట్టీ నిలబెడితే కింద 3 మి.మీ. కన్నా ఎక్కువ సందు ఉండకూడదు. పల్లం మీద పలక ఊగి గాడిలో నాలుక రాసుకుంటుంది. సిరంజితో జిగురు ఎక్కిస్తామని ఎవరైనా వస్తే వద్దనండి, ఇలాంటి ఫ్లోరుకి అది స్క్రూ కొట్టినట్టే. విప్పినప్పుడు మిట్ట ఉంటే గ్రైండరుతో కొట్టి, పల్లం ఉంటే సెల్ఫ్ లెవెలింగ్ కాంపౌండ్ పోయాలి. అందాకా టాల్కం పౌడరు జాయింట్లోకి గుడ్డతో రుద్దితే శబ్దం తగ్గుతుంది. అంతకుమించి ఆశపెట్టుకోకండి.


భీమవరం_ఇల్లు

డెల్టాలో కింది అంతస్తుకి చెక్క వద్దని నా అభిప్రాయం. చేపల చెరువులొచ్చాక మా వైపు నేల ఏడాది పొడవునా తడే. చెక్క ముచ్చట మేడ మీద తీర్చుకుని కింద టైల్సు వేసుకోవడం మేలు. లేదా ఎస్పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలు వేయండి, నీళ్ళకి ఉబ్బవు.


తణుకు_సివిల్

మేడ మీద చెక్క అన్నది మంచి మాటే. పాత మండువా ఇళ్ళలో అటక పలకలు తరాల తరబడి నిలవడానికి కారణం టేకు మాత్రమే కాదు, పలకకి పైనా కిందా గాలి ఆడటం. కానీ ఎస్పీసీ విషయంలో ఒక జాగ్రత్త. పలక ఉబ్బదు, నిజమే. కింద చెమ్మ ఎక్కడికీ పోదు. బూజు పడుతుంది, తెల్లగా ఉప్పు పూస్తుంది, ఆర్నెల్లకి గదిలో వాసన మొదలవుతుంది. చెమ్మ ఆపకుండా పైన ఏది పరిచినా అది మూత మాత్రమే. ఇప్పటికే డబ్బు పోసి కొన్న టేకు ఉంది, పలకలు చాలావరకు బాగున్నాయి. కాపాడుకునే దారి చూద్దాం.


లంక_గట్టు

అందరికీ చాలా థాంక్సండి. చెప్పినవన్నీ చేశాం. వివరాలు ఇవీ:

ట్యాంకు గీత కదల్లేదు. బాత్రూమ్‌లో నిలబెట్టిన నీళ్ళూ తగ్గలేదు. కానీ బాత్రూమ్ గుమ్మం కింద టైలుకీ చెక్కకీ మధ్య సందు తెరిచే ఉంది, కాళ్ళ నీళ్ళు అందులోకే పోతున్నాయి. నల్ల గీతలు సరిగ్గా దాని ఎదురుగానే ఉన్నాయి.

స్కర్టింగ్ తీస్తే పడకగది బయటి గోడ దగ్గర ఖాళీ సున్నా, పలక గోడకి ఆనుకుపోయింది. హాలు అవతలి గోడ దగ్గర 3 మి.మీ. తలుపు స్టాపరు గచ్చులోకే ఉంది. అది విప్పి గోడ పక్క కోయించగానే గుడారం మూడొంతులు దిగిపోయింది. కబోర్డు మాత్రం గచ్చు మీదే ఉంది, పలకల మీద కాదు.

గదిలో గాలి తేమ పొద్దున 84, మధ్యాహ్నం 76. చెక్కలో తేమ కొలిచే సూదుల మీటరు పలకకి గుచ్చితే బయటి గోడ వైపు 18 శాతం, గది మధ్య 15, హాల్లో 13 చూపించింది. స్కేలు కింద గోడ వైపు కార్డులు రెండు దూరాయి, గది మధ్య ఒకటి, హాల్లో దూరలేదు.

పాలిథీన్ పరీక్ష 20 గంటలకి విప్పాం. పడకగదిలో కింది వైపు బొట్లు జారుతున్నాయి. హాల్లో బొట్లు లేవు, గచ్చు కాస్త నల్లబడింది అంతే. బయటి గోడకి ఆనుకుని మందారాలు, నందివర్ధనం వేసి మట్టి పోశాం, మట్టి ఇంటి ఫ్లోరు మట్టానికి రెండంగుళాలు కిందుంది. రోజూ నీళ్ళు పెడతాం. పీసీసీ కింద పాలిథీన్ లేదని మేస్త్రీ గారు చెప్పారు.


తణుకు_సివిల్

మొక్కల మట్టి దొరికిందంటే సగం పని అయినట్టే. ఆ మట్టి గోడ వెంబడి తవ్వి, ఫ్లోరు మట్టానికి కనీసం అడుగున్నర కిందికి దించండి. మీకు రెండున్నర అడుగుల బేస్‌మెంట్ ఉంది కాబట్టి చోటుంది. మొక్కల్ని మూడడుగులు అవతలికి జరపండి. గోడకీ మొక్కలకీ మధ్య మూడడుగుల వెడల్పున కాంక్రీటు పట్టీ వేసి, గోడ నుంచి బయటికి 40కి 1 వాలు ఇవ్వండి. అంటే మూడడుగులకి దాదాపు ఒక అంగుళం. ఇది చేయకుండా లోపల ఎంత ఖరీదైన మందు పూసినా చెమ్మ గోడ వెంట ఎక్కుతుంది.

ఫ్లోరు తీసినప్పుడే చెదల మందు కొట్టించండి. తడి బుసక, పైన చెక్క, మధ్యలో గచ్చు పగుళ్ళు ఉంటే చెదలకి విందే. స్కర్టింగ్ వెనక మట్టి గొట్టాలు ఉన్నాయేమో టార్చితో చూడండి. గోడా గచ్చూ కలిసే మూల వెంట అడుగుకొకటి చొప్పున 12 మి.మీ. రంధ్రాలు వేసి, ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం మందు లీటరు నీటికి 2.1 మి.లీ. కలిపి, రంధ్రానికి లీటరు మించకుండా పోసి సిమెంటుతో మూయాలి. మన దగ్గర నీరు బాగా పైనే ఉంటుంది, ఇంటి పక్కన తాగే నుయ్యి గానీ చేతిపంపు గానీ ఉంటే ఆ వైపు ఈ మందు వాడొద్దని కొట్టేవాళ్ళకి గట్టిగా చెప్పండి.


రసమట్టం

మీ అంకెలు చూశాక నా మాట ఇదీ. పడకగది మొత్తం తీయాలి. హాలు తీయక్కర్లేదు, ఇప్పటికైతే.

పడకగది పలకలకి వెనక సుద్దముక్కతో వరస నంబరు, పలక నంబరు వేస్తూ విప్పించండి. నాలుకలు విరగకుండా ఓపిగ్గా తీయాలి, గుంజితే చాలా పలకలు పోతాయి. తీసినవి గోడకి చేరవేస్తే విల్లులా వంగుతాయి. సమంగా ఉన్న నేల మీద అడుగున్నరకొక సన్న చెక్క బద్దీ పెట్టి, పలకలు పరిచి, మళ్ళీ బద్దీలు, మళ్ళీ పలకలు, ఇలా పేర్చండి. బద్దీలు ఒకదాని మీద ఒకటి నిలువుగా ఒకే వరసలో పడాలి. పైన ఇటుకలు బరువు పెట్టి పక్క నుంచి ఫ్యాను వేయండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, టేకు పొర చీలుతుంది. మీటరులో 12, 13కి వచ్చాక స్కేలు, కార్డు మళ్ళీ పెట్టి చూడండి. అప్పటికీ కార్డు దూరే పలకలుంటే గోడల వెంట కోసి వేసే ముక్కలకి వాడుకోవచ్చు. 168 చదరపు అడుగుల గదికి 10 శాతం కొత్త పలకలు అదనంగా తెప్పించి ఉంచుకోవాలి, అదే బ్యాచ్ అయితే రంగు కలుస్తుంది.

గచ్చుకి ఎపాక్సీ చెమ్మ నిరోధక కోటింగు రెండు పూతలు. మామూలు ఎపాక్సీ పెయింటు కాదు, తడి కాంక్రీటు మీద పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న రెండు భాగాల మందు. మామూలుది పూస్తే కింద నీరు తోసి బుడగలు లేస్తాయి. ముందు గచ్చు మీది పాలపొరని గ్రైండరుతో కొట్టి, దుమ్ము వాక్యూమ్ చేసి, పగుళ్ళు పూడ్చాలి. పూతకి చదరపు మీటరుకి 300 గ్రాముల లెక్క వేస్తే, మీ గది పదహారు మీటర్లకి కాస్త తక్కువ కాబట్టి రెండు పూతలకి 10 కిలోలు పడుతుంది. డబ్బా మీద లెక్క వేరేగా ఉంటే దాన్నే పాటించండి. మొదటి పూత ఒక దిక్కు, మర్నాడు రెండోది అడ్డంగా. గోడ మీదికి కూడా స్కర్టింగ్ ఎత్తు, అంటే 4 అంగుళాలు, పూయించండి. నేల దారి మూసేస్తే చెమ్మ గోడ మూలని వెతుక్కుంటుంది.

దాని మీద 200 మైక్రాన్ల పాలిథీన్, అంటే షాపులో 800 గేజ్ అని అడగండి. అతుకు దగ్గర 8 అంగుళాలు ఒకదాని మీద ఒకటి రావాలి, అతుకంతా టేపు వేయాలి. గోడల వెంట రెండంగుళాలు పైకి మడిచి, స్కర్టింగ్ వేసే ముందు మిగిలింది కోయాలి. తర్వాత ఫోమ్, ఆ పైన పలకలు, చుట్టూ 10 మి.మీ. ఖాళీ. పలకలు వేస్తున్నంతసేపూ గోడకీ పలకకీ మధ్య 10 మి.మీ. చెక్క ముక్కలు పెట్టి, అయ్యాక తీసేయాలి. తీయడం మర్చిపోతే ఖాళీ వదలనట్టే.

ఎప్పుడు వేయాలన్నది అసలు విషయం. అక్టోబరు, నవంబరులో తుపాను వానలుంటాయి, వద్దు. మళ్ళీ ఏప్రిల్‌లో కాలువ కట్టేశాక కూడా వద్దు, గచ్చు అబద్ధం చెప్తుంది. జనవరి సంక్రాంతి దాటాక, దాళ్వాకి కాలువ నిండుగా పారుతుండగా, గాలి కాస్త పొడిగా ఉన్నప్పుడు వేయించండి. నీరు పైన ఉన్నప్పుడు పాలిథీన్ పరీక్ష నెగ్గిన గచ్చు ఏడాదంతా నెగ్గుతుంది. పూత పూశాక కూడా ఒకసారి ఆ పరీక్ష పెట్టి, 24 గంటలకి ఒక్క బొట్టూ లేకపోతేనే పలకలు పరచండి.

హాల్లో పాలిథీన్ లేదు కానీ బొట్లు రాలేదు, వంపు రాలేదు. అది ఎక్కువగా గచ్చు తడి అనిపిస్తోంది. గుమ్మంలో టీ-ప్రొఫైల్ వేసి, గోడల దగ్గర ఖాళీలు 10కి పెంచి, జనవరిలో అదే చోట పరీక్ష మళ్ళీ పెట్టండి. నల్లబడటం పోతే వదిలేయండి. అలాగే ఉంటే పడకగది మనుషులు వచ్చినప్పుడే హాలూ విప్పించి పాలిథీన్ పరిపించండి. బాత్రూమ్ ఎదురుగా ఉన్న మూడు పలకలు మార్చి, టైలుకీ చెక్కకీ మధ్య సందులో సిలికాన్ నింపితే నల్ల గీతల గొడవ తీరుతుంది. ఆ గీతలు చెక్కలోకి దిగిపోయాయి, పాలిష్‌తో పోవు.

అందాకా హాల్లో ఇల్లు తుడిచే గుడ్డ బాగా పిండి తుడవాలి. బకెట్టు నీళ్ళు పోసి ఫినాయిల్‌తో కడగడం ఈ ఫ్లోరుకి పనికిరాదని పనమ్మాయికి ఇప్పుడే చెప్పండి. వాన ఉన్న రాత్రుళ్ళు కిటికీలు మూసి ఏసీ డ్రై మోడ్‌లో పెట్టండి. బయట 90 ఉన్నప్పుడు గాలి ఆడాలని కిటికీ తెరిస్తే తేమని ఇంట్లోకి పిలిచినట్టు.


పాలకొల్లు_చెక్కపని

బిల్లు సంగతి ఒక్క మాట. గచ్చు పరీక్షించకుండా పరచడం, పాలిథీన్ వేయకపోవడం, ఖాళీ వదలకపోవడం, గుమ్మంలో పట్టీ వేయకపోవడం, ఈ నాలుగూ వేసినాయన బాధ్యత. మొక్కల మట్టి మీది. ఆ తేడా మీరే ముందు ఒప్పుకుని మాట్లాడితే ఆయన కూడా దిగొస్తారు, విప్పి మళ్ళీ వేసే కూలి ఆయన భరించి, ఎపాక్సీ, పాలిథీన్ ఖర్చు మీరు పెట్టుకోవడం న్యాయంగా ఉంటుంది. కొలతలు, తేదీలతో ఫోటోలు, పాలిథీన్ కింద బొట్ల ఫోటో వాట్సాప్‌లో పంపి జవాబు రాతలో తీసుకోండి. 30 శాతం అందాకా ఆపండి. మాట కుదరకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేయొచ్చు.


లంక_గట్టు

ఆయనతో ఈ పొద్దున మాట్లాడానండి. బొట్ల ఫోటో చూశాక సాండింగ్ మాట ఎత్తలేదు. కూలి ఆయన పెట్టుకుంటానన్నారు, జనవరి దాకా ఆగడానికీ ఒప్పుకున్నారు. మందారాలు రేపు జరిపిస్తున్నాం. పడకగది పలకలు ఆదివారం విప్పుతాం, బద్దీలు కోయించి ఉంచాను. సంక్రాంతి తర్వాత పాలిథీన్ పరీక్ష అంకెలు ఇక్కడే పెడతాను.